గాలమా, విస్తరా?

మీ ఇంట్లో 18 నుంచి 25 ఏళ్ల మధ్య వయసున్న అబ్బాయో అమ్మాయో ఉన్నారనుకుందాం. వారు పత్రిక చదువుతారా అని నేనడిగితే మీరేం చెబుతారో నాకు తెలుసు. "ఎక్కడి చదువు ఫాదర్‌గారూ! పొద్దస్తమానం ఆ ఫోనే" అంటారు. నేనూ మొన్న మొన్నటిదాకా అదే మాట అనేవాణ్ణి. ఆ మాట ఎందుకు మానుకున్నానో ఈ వారం మీతో చెప్పుకోవాలని ఉంది. చెప్పుకుంటే నా తప్పులు కూడా కొన్ని బయటపడతాయి. ఫరవాలేదు. పాపసంకీర్తనం వినేవాడికి అప్పుడప్పుడు తానూ చేసే అలవాటు ఉండాలి గదా!

రెండేళ్ల క్రితం ఒక ఆదివారం సాయంత్రం మా విచారణ యువతీయువకులు పదిమంది దాకా వచ్చి గురుమందిరం అరుగు మీద కూర్చున్నారు. "ఫాదర్‌గారూ, మన మండలంలో ఉన్న కుర్రకారు కోసం ఒక పత్రిక తెద్దామనుకుంటున్నాం. నెలకొకసారి, నాలుగు పేజీలు. మన గుడికి వచ్చేవాళ్లకే కాదు, అందరికీ. అది ఎలా ఉండాలో మీరే చెప్పాలి" అన్నారు. నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఆ సంతోషంలో వారిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కాగితం, కలం తీసుకుని ఆ రాత్రే పత్రికంతా నేనే తయారు చేసేశాను.

మొదటి పేజీ నిండా నా సందేశం. రెండో పేజీలో యువతకు పది హితవులు. మూడో పేజీలో మా గుడి జూబిలీ నాటి ఫొటోలు, వేదిక మీద పెద్దలు, పెద్దల మెడల్లో దండలు. నాలుగో పేజీలో క్విజ్. చోటు చాలడం లేదంటే అక్షరాలు చిన్నవి చేయించాను. పట్నంలో అచ్చు వేయించి 300 కాపీలు పంచాం. మరుసటి వారం సంతలో మిరపకాయ బజ్జీలు కొన్నాను. పొట్లం విప్పితే నా సందేశమే నూనెలో తడిసి కనబడింది.

మనసు నొచ్చుకుంది. "ఈ కాలం పిల్లలు చదవరు" అని యువజన సమావేశంలో పైకే అనేశాను. డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి లేచి నిలబడింది. "అలా అనకండి ఫాదర్‌గారూ. కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ పడితే జిరాక్సు షాపు దగ్గర నిలబడి చివరి అక్షరం దాకా చదువుతాం. వయసు ఎంత ఉండాలో, ఎత్తు ఎంత ఉండాలో అప్పజెప్పమంటే అప్పజెబుతాం. మీ పత్రికలో మేమెలా ఉండాలో రాశారు. మేమెలా ఉన్నామో ఎక్కడా లేదు" అంది. నేను ఏమీ మాట్లాడలేకపోయాను.

"సరే, రెండో సంచిక మీరే చేయండి" అని పూర్తిగా వదిలేశాను. అది నా రెండో తప్పు. కుర్రవాళ్లు ఉత్సాహంగా చేశారు. రంగులు, సినిమా తారలు, క్రికెట్ బొమ్మలు, అక్షరాల చుట్టూ మంటలు. మొదటి పేజీలో పెద్ద శీర్షిక: "మన కాలేజీ అమ్మాయి చేసిన పని చూస్తే నోరు తెరుస్తారు!" కింద వార్త చదివితే ఏముంది? ఆ అమ్మాయి రక్తదాన శిబిరంలో అందరికంటే ముందు వచ్చి రక్తం ఇచ్చింది. మంచి వార్తే. కాపీలన్నీ ఒక్కరోజులో అయిపోయాయి. కానీ టీ కొట్టు దగ్గర శీర్షిక చదివినవారందరూ కింది వార్త చదవలేదు. ఆ సాయంత్రం ఆ అమ్మాయి తండ్రి పత్రిక చేతబట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఆయన కోప్పడలేదు. "నా కూతురు మంచిపనే చేసింది గదా ఫాదర్‌గారూ, నేనెందుకు తల దించుకుని రావలసి వచ్చింది?" అని అడిగాడు.

మొదటి సంచికను ఎవరూ చదవలేదు. రెండోదాన్ని అందరూ చూశారు. రెండూ తప్పే అయ్యాయి. ఎందుకైనట్టు?

వైద్యుడు, వంటవాడు

గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివిన రోజుల్లో ప్లేటో రాసిన 'గోర్గియాస్' అనే సంభాషణ మాకు పాఠంగా ఉండేది. అందులో సోక్రటీసు ఒక చిత్రమైన పోటీని ఊహిస్తాడు. ఒక వైద్యుడు, ఒక వంటవాడు చిన్నపిల్లల ముందు నిలబడ్డారు. ఒంటికి ఏ తిండి మంచిదో ఎవరికి బాగా తెలుసు? పిల్లలే తీర్పు చెప్పాలి. వంటవాడు తీపి తినిపిస్తాడు. వైద్యుడు చేదు మందు ఇస్తాడు. ఇక గెలుపెవరిదో వేరే చెప్పాలా? వైద్యుడు పస్తులుండి చావవలసిందే అంటాడు సోక్రటీసు. వంటవాడు చేసేది మేలు కాదు, ముఖస్తుతి అని ఆయన అభిప్రాయం.

ఈ కథ విన్నప్పుడు విద్యార్థులుగా మేమందరం వైద్యుడి పక్షమే. నా మొదటి సంచికలో నేను వైద్యుణ్ణి, రెండో సంచికలో మా కుర్రవాళ్లు వంటవాళ్లు అనుకుని కొన్నాళ్లు తృప్తిపడ్డాను కూడా. కానీ ఆలోచించగా ఆలోచించగా ఒక సంగతి తట్టింది. ఆ పోటీలో తీర్పరులుగా కూర్చున్నవారు చిన్నపిల్లలు. మా మండలంలో పత్రిక చదవవలసినవారు చిన్నపిల్లలు కారే! ఓటు వేసేవారు, ఇంటికి జీతం తెచ్చేవారు, రేపో మాపో పెళ్లి చేసుకునేవారు, తండ్రి అప్పుకు హామీ సంతకం పెట్టేవారు. వారిని పిల్లల బెంచీ మీద కూర్చోబెట్టింది మేమే. నేను మందు తాగించాలని చూశాను. మా కుర్రవాళ్లు తీపి తినిపించాలని చూశారు. ఇద్దరం కూడా ఎదుటివాడికి బుద్ధి ఉందని నమ్మలేదు.

ఇంకొక సంగతి. ఆ పోటీలో మూడోమనిషి లేదు. మన ఇళ్లల్లో ఉంది. ఆమె మన అమ్మ. అమ్మ వండేది ఒంటికీ మంచిదే, నోటికీ మంచిదే. రుచి కోసం ఆరోగ్యాన్ని వదలదు. ఆరోగ్యం పేరు చెప్పి చప్పిడి కూడు పెట్టదు. విస్తరి వేసి, నీళ్లు చల్లి, తీపి ముందు, పప్పు, కూర, చారు ఆ తరువాత, పెరుగు చివరికి వడ్డిస్తుంది. ఆ వరుస ఎందుకు? కుడిచేతికి అందేటట్టు అన్నం ఎందుకు? కూర్చున్నవాడి మీద గౌరవం ఉంది గనుక. వడ్డించేవాడు మనవాడైతే కడపటి బంతిలో కూర్చున్నా ఒకటే అంటారు పెద్దలు.

చేపకు గాలం వేస్తాం. అతిథికి విస్తరి వేస్తాం. గాలానికి గుచ్చే ఎర కూడా చేపకు ఇష్టమైనదే సుమా! ఇష్టమైనది పెట్టామా లేదా అన్నది కాదు ప్రశ్న. ఎవరి కోసం పెట్టాం, తన కడుపు నింపడానికా, మన బుట్ట నింపడానికా? పత్రికకు రూపం ఇవ్వడమంటే ఈ ప్రశ్నకు జవాబు చెప్పడమే. అక్షరం ఎంత ఉండాలి, శీర్షిక ఏం చెప్పాలి, ఏది ముందు ఏది వెనుక అని మనం తేల్చుకుంటున్నప్పుడు, చదివేవాడు ఎలాంటివాడో కూడా తేల్చేస్తున్నాం. కనుక అది అచ్చు పని మాత్రమే కాదు. నీతికి సంబంధించిన పని.

మనకంటే ముందు నడిచినవారు

ఈ ప్రశ్న మాకే కొత్తగా రాలేదు. 1594లో పునీత ఫ్రాన్సిస్ ది సాలెస్ గారు షాబ్లే అనే ప్రాంతానికి వెళ్లారు. అప్పటికాయన 27 ఏళ్ల యువ గురువు. ఆయన ప్రసంగాలు వినడానికి జనం రాలేదు. "వీళ్లు వినరు" అని ఆయన తిరిగి వెళ్లిపోలేదు. చెప్పదలచుకున్నది ఒక్కొక్క కాగితం మీద రాసి, ఇళ్ల తలుపుల కింది నుంచి లోపలికి తోసేవారు. బహిరంగ స్థలాల్లో గోడలకు అంటించేవారు. ఆయనను 1923లో పత్రికా రచయితలకు పాలక పునీతునిగా ప్రకటించింది ఇందుకే. తన దగ్గరికి రానివారి గడప దాకా తానే వెళ్లాడాయన. అయితే తలుపు పగలగొట్టలేదు. కింది సందులో నుంచి కాగితం తోశాడు, అంతే. తీసి చదవడమా మానడమా అన్నది ఇంటివాడి ఇష్టం.

మన తెలుగునాట కందుకూరి వీరేశలింగం గారు 1874లో 'వివేకవర్ధని' ప్రారంభించినప్పుడు ఆయన వయసు 26. ఈనాటి లెక్కలో ఆయన కూడా యువజన సంఘంలో ఉండవలసినవాడే! ఊళ్లో లంచగొండి ఉద్యోగుల సంగతులు పది మందికీ అర్థమయ్యే తెలుగులో రాశాడు. దూరదేశాల రాజుల గురించి రాస్తే ఆయనకు అన్ని చిక్కులు వచ్చేవి కావు. ఎదుటి వీధిలో ఉన్న మనిషి గురించి రాశాడు గనుకనే వచ్చాయి. నూరేళ్ల తరువాత, 1974లో 'ఈనాడు' విశాఖపట్నంలో మొదలైంది. 1989 నాటికి ఆ పత్రిక జిల్లాకొక చిన్న సంచిక చొప్పున విడిగా ఇవ్వసాగింది. మన ఊరి పేరు, మన వీధి కుళాయి సంగతి అచ్చులో చూసుకోవడం అప్పుడు పల్లెల్లో ఎంత ముచ్చటగా ఉండేదో నాకు జ్ఞాపకమే. అప్పటిదాకా పత్రిక ముట్టనివారు కూడా ఆ పేజీల కోసం చదవడం మొదలుపెట్టారు.

ఇక, యువతకోసమే పత్రికను మలచాలన్న ప్రయత్నం పెద్దఎత్తున జరిగింది పాశ్చాత్య నగరాల్లో. 1995లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో 'మెట్రో' అనే పత్రిక వచ్చింది. రైలు స్టేషన్లలో ఉచితంగా ఇచ్చేవారు. పనికి వెళ్లేవాడు దిగేలోపల చదివి ముగించేటట్టు పొట్టి వార్తలు, చిన్న సైజు. అమెరికాలో 2002లో షికాగోలో 'రెడ్‌ఐ', 2003లో వాషింగ్టన్‌లో 'ఎక్స్‌ప్రెస్' అదే దారిలో వచ్చాయి. "కుర్రవాళ్లకు తీరిక లేదు, పెద్ద వార్త చదవరు, పొట్టిగా రంగురంగులుగా ఇవ్వాలి" అన్నది ఆ లెక్క. రైళ్లలో చాలాకాలం బాగానే సాగింది. తరువాత ప్రతి చేతిలోకీ ఫోన్ వచ్చింది. పొట్టిగా, వేగంగా, రంగుల్లో ఇచ్చే పని ఫోన్ ఇంకా బాగా చేస్తుంది. 2019లో 'ఎక్స్‌ప్రెస్' ఆగిపోయింది. చివరి సంచిక మొదటి పేజీలో పాఠకుల ఫోన్లనే ఎత్తిపొడుస్తూ వీడ్కోలు చెప్పారు. 'రెడ్‌ఐ' కూడా 2020లో మూతపడింది.

ఇందులో మాకు తోచిన పాఠం ఒకటే. ఫోన్‌తో పరుగుపందెం పెట్టుకుంటే పత్రిక ఓడిపోతుంది. ఫోన్ చేయని పని ఏదో పత్రిక అది చేయాలి. మా మండలంలో కుర్రవాడి ఫోన్‌లోకి అమెరికా ఎన్నికలు వస్తాయి, బొంబాయి పెళ్లిళ్లు వస్తాయి. పట్నం కాలేజీ నుంచి మా ఊరికి సాయంత్రం ఆఖరి బస్సు ఎందుకు ఆపేశారో, ఆ బస్సు లేక ఎంతమంది ఆడపిల్లలు చదువు మానే ఆలోచనలో ఉన్నారో రాదు. ఆ వార్త మేము రాయకపోతే లోకంలో ఎవరూ రాయరు.

గచ్చు మీద కాగితం ముక్కలు

మూడో సంచికకు కూర్చునే ముందు మా పిల్లలకు బార్బియానా బడి కథ చెప్పాను. ఇటలీలో ఫ్లోరెన్సు నగరానికి దూరంగా కొండల్లో ఉన్న చిన్న విచారణ బార్బియానా. 1954లో అక్కడికి డాన్ లొరెంజో మిలానీ అనే గురువును పంపారు. బడిలో తప్పి ఇంటికి వచ్చేసిన రైతుల పిల్లలను కూర్చోబెట్టి ఆయన రోజూ వార్తాపత్రిక చదివించేవాడు. ఒక్కొక్క మాటా విప్పి చెప్పేవాడు. ఆ పిల్లలు 1967లో ఒక పుస్తకం రాశారు. దాని పేరు 'ఒక పంతులమ్మకు ఉత్తరం'. దాన్ని ఎలా రాశారో ఆ పుస్తకంలోనే చెప్పారు. తోచినదల్లా ఎవరికి వారు చిన్న చిన్న కాగితాల మీద రాయాలి. అన్నీ ఒక చోట పరచాలి. ఒకే సంగతి చెప్పేవి ఒక కుప్పగా పెట్టాలి. కుప్పలను వరుసలో పేర్చాలి. ఆపైన అక్కరలేని ప్రతి మాటా కొట్టివేయాలి. చివరికి బయటివారికి చదివి వినిపించాలి, అది కూడా పెద్దగా చదువుకోనివారికి.

మేమూ అలాగే చేశాం. గుడి పక్కనున్న హాల్లో గచ్చు మీద రెండొందల దాకా కాగితం ముక్కలు పరిచాం. బస్సు, హాస్టల్లో నీళ్లు, కోచింగుకు కట్టిన డబ్బు, గల్ఫ్ వీసా, వాలీబాల్ కోర్టు, పెళ్లి సంబంధాల్లో కట్నం, రాత్రి నిద్ర పట్టకపోవడం. ఈ చివరిది నాలుగు కాగితాల మీద ఉంది. ఎవరు రాశారో అడగలేదు. పదేళ్లుగా ఈ పిల్లలకు పాపసంకీర్తనం వింటున్నాను, నాకు తెలియని సంగతులు ఆ గచ్చు మీద కనబడ్డాయి. రాసిన వ్యాసాలన్నీ ఏడో తరగతితో చదువు మానేసిన ఒక ఆటో తమ్ముడికి చదివి వినిపించాం. అతడు "ఆగండి" అన్న ప్రతిచోటా వాక్యం మార్చాం. "అభ్యర్థించడమైనది" అన్నది "అడిగాం" అయింది.

పేజీ అమర్చేటప్పుడు పునీత తోమాస్ అక్వినాసు గారు నాకు తోడు వచ్చారు. 13వ శతాబ్దంలో ఆయన అందానికి మూడు లక్షణాలు చెప్పారు. మొదటిది సమగ్రత, అంటే ఉండవలసినది ఏదీ లోపించకపోవడం. రెండోది పొందిక, అంటే ఒకదానికొకటి తగిన కొలతలో ఉండడం. మూడోది కాంతి, అంటే ఉన్నది స్పష్టంగా వెలుగులో కనబడడం. ఆయన ఆ మాట చెప్పింది దైవకుమారుని గురించి రాస్తూ. కానీ నాలుగు పేజీల కాగితానికి కూడా ఎంత చక్కగా అమరుతుందో చూడండి.

కాంతి అంటే మా పిల్లలు ఇలా అర్థం చేసుకున్నారు. మన తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. వరుసల మధ్య చోటు తగ్గిస్తే పై వరుస వత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది, కన్ను అలసిపోతుంది. కనుక చోటు చాలకపోతే అక్షరం కుదించవద్దు, మాటలు తగ్గించు. శీర్షికలో చెప్పిందే కింద ఉండాలి. ఉద్యోగ ప్రకటన అయితే ఆఖరు తేదీ, రుసుము, వయసు ఒక గడిలో విడిగా ఉండాలి. ఫొటో వేస్తే అందులో ఉన్నవారి పేర్లు ఎడమ నుంచి కుడికి వరుసగా ఉండాలి, దండ వేసుకున్న పెద్దాయన పేరు ఒక్కటే కాదు.

పొందిక దగ్గర మాకు చర్చ జరిగింది. యువత పత్రికలో యువత సంగతులే ఉండాలా? ఉద్యోగ వార్త పక్కన, పింఛను కోసం నాలుగు నెలలుగా తిరుగుతున్న ఒక ముసలి వితంతువు కథ వేయాలని నేనన్నాను. "మా వాళ్లు అడగలేదు గదా" అన్నాడొకడు. నిజమే, అతిథి పప్పు అడగడు. అయినా వడ్డిస్తాం. ఫోన్ అనేది నువ్వు నిన్న చూసినదాని పోలిక ఇవాళ చూపిస్తుంది. అద్దం లాంటిది. పత్రిక పేజీలో మాత్రం నువ్వు కోరుకున్నది, కోరుకోనిది పక్కపక్కన కూర్చుంటాయి, ఒకే బంతిలో కూర్చున్నవారి లాగ. కుర్రవాణ్ణి గౌరవించడమంటే అతడి ముఖమే అతడికి చూపిస్తూ ఉండడం కాదు. ఇతరుల కష్టం కూడా మోయగల భుజం అతడికి ఉందని నమ్మడం. ఆ కథ వేశాం. చదివి ఇద్దరు కుర్రవాళ్లు ఆ ముసలమ్మను వెంటబెట్టుకుని మండలాఫీసుకు వెళ్లారు.

సమగ్రత

ఇక అసలు సంగతికి వస్తాను.

అయిదో సంచికకు మా పిల్లలు ఒక వార్త తెచ్చారు. 23 ఏళ్ల కుర్రవాడు గల్ఫ్‌లో డ్రైవరు ఉద్యోగం అని ఒక ఏజెంటుకు 1,20,000 రూపాయలు కట్టాడు. తీరా అక్కడికి వెళ్లాక తెలిసింది, చేతిలో ఉన్నది ఉద్యోగపు వీసా కాదు, చుట్టపుచూపుగా వెళ్లేవారి వీసా అని. నాలుగు నెలలు దాక్కుని దాక్కుని పనిచేసి తిరిగి వచ్చాడు. అతడు డబ్బు కట్టిన కాగితాలు, వీసా నకలు అన్నీ పిల్లలు చూశారు. ఏజెంటును కూడా అడిగారు, అతడు కసిరి పంపేశాడు. వ్యాసం చక్కగా, నిదానంగా రాశారు.

పత్రిక అచ్చుకు వెళ్లే ముందు రోజు మా విచారణలో ఒక పెద్దమనిషి వచ్చారు. ఏజెంటు ఆయనకు దగ్గరి బంధువు. ఆయన బెదిరించలేదు, బ్రతిమాలారు. "కుటుంబం పరువు ఫాదర్‌గారూ. డబ్బు సర్దుబాటు చేస్తామంటున్నారు. ఒక్క నెల ఆగండి" అన్నారు. మా గుడి ప్రహరీ గోడకు సగం ఇటుక ఇచ్చింది ఆయనే. నేను పిల్లలను పిలిచి, "తొందరెందుకు, వచ్చే నెల చూద్దాం" అన్నాను. ఆ డిగ్రీ అమ్మాయి నా ముఖంలోకి చూసి, "అక్షరాల సైజు మాకోసం, బొమ్మలు మాకోసం అన్నారు. ఏ వార్త వేయాలో మాత్రం ఆయన కోసమా ఫాదర్‌గారూ?" అని అడిగింది. నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే వార్త తీసివేయించాను.

అయిదో సంచిక అన్నిటికంటే అందంగా వచ్చింది. ఖాళీ అయిన చోట వాలీబాల్ పోటీల ఫొటో వేశాం. అందరూ మెచ్చుకున్నారు. మూడు వారాల తరువాత పక్క పల్లె నుంచి ఒక తల్లి వచ్చింది. ఆమె కొడుకు ఆ ఏజెంటుకే 60,000 కట్టాడు, మా అయిదో సంచిక వచ్చిన పది రోజులకు. ఆమె నన్ను ఒక్కటే అడిగింది. "మీకు ముందే తెలుసంట గదా ఫాదర్‌గారూ?"

ప్రియ పాఠకులారా, అక్వినాసు గారు మూడు లక్షణాల్లో సమగ్రతను మొదట ఎందుకు పెట్టారో నాకు ఆ రోజు అర్థమైంది. పొందిక ఉంది, కాంతి ఉంది. ఉండవలసిన ఒక్కటి లోపించింది. ఆ లోపం కనబడకుండా వాలీబాల్ ఫొటో కప్పింది. నేను మొదటి సంచికలో చదివేవాణ్ణి చిన్నపిల్లవాడుగా చూశాను. రెండో సంచికలో మా కుర్రవాళ్లు అతణ్ణి చేపగా చూశారు. అయిదో సంచికలో నేను చేసింది అంతకంటే పెద్ద తప్పు. అతణ్ణి గౌరవంగా బంతిలో కూర్చోబెట్టి, చక్కటి విస్తరి వేసి, ఆ పూట అతడికి అన్నిటికంటే అవసరమైనదాన్ని వంటింట్లోనే దాచేశాను.

ఆరో సంచికలో ఆ వార్త వేశాం. అప్పటికి పోలీసులకు ఫిర్యాదు వెళ్లింది గనుక, నిజం తేల్చవలసినవారు వారే గనుక ఏజెంటు పేరు వేయలేదు. ఇద్దరు కుర్రవాళ్ల అనుభవం వారి మాటల్లోనే వేశాం. పక్కన గడి కట్టి, డబ్బు కట్టే ముందు అడగవలసిన ప్రశ్నలు పెద్ద అక్షరాల్లో ఇచ్చాం. ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ నంబరు ఉందా? 1983 నాటి వలసల చట్టం అది ఉండాలని చెప్పింది. ఆ పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటు జాబితాలో ఉందా? కట్టిన ప్రతి రూపాయికీ రసీదు ఇస్తున్నాడా? వీసా మీద ఉద్యోగమని ఉందా, సందర్శన అని ఉందా? యజమాని పేరు, జీతం రాసి ఉన్న ఒప్పందం విమానం ఎక్కకముందే చేతికి ఇస్తాడా? అయిదే ప్రశ్నలు. నా సంతకంతో ఒక చిన్న పేరా కూడా వేశాం, ఈ వార్త కిందటి నెలలోనే రావలసిందని, ఆపినవాణ్ణి నేనని.

ఆ పేజీ ఆటో స్టాండులో గోడకు చాలాకాలం అంటించి ఉంది. మిరపకాయ బజ్జీల పొట్లంగా నాకు ఎక్కడా కనబడలేదు. ఆ పెద్దమనిషి మాత్రం కొన్ని నెలలపాటు పూజ ముగియగానే పక్క ద్వారం నుంచి వెళ్లిపోయేవారు. ఇప్పుడిప్పుడే పలకరిస్తున్నారు. ఆ ఇద్దరు కుర్రవాళ్ల డబ్బు ఇంతవరకు తిరిగి రాలేదు. వార్త వేయగానే అన్నీ సర్దుకున్నాయని మీకు చెప్పలేను. ఆ తరువాత కొందరు తల్లిదండ్రులు మాత్రం ఆ కాగితం చేత్తో పట్టుకుని వచ్చి, "ఈ నంబరు సరైనదేనా చూడండి ఫాదర్‌గారూ" అని అడుగుతున్నారు. కొడుకులూ కూతుళ్లూ వారి పక్కన నిలబడి వెబ్‌సైటు తెరిచి చూపిస్తున్నారు.

పెద్దలకు ఒక మాట

మీ విచారణలో కూడా రేపు పిల్లలు ఇలాంటి ఆలోచనతో మీ దగ్గరికి రావచ్చు. వచ్చినప్పుడు "ఏం రాయాలి?" అని మీరు చెప్పబోయే ముందు "మీ ఊళ్లో మిమ్మల్ని నిద్రపోనివ్వని సంగతి ఏది?" అని అడగండి. వారు చేసిన పేజీ మీ చేతికి వస్తే "బాగుంది" అని మడిచి పక్కన పెట్టవద్దు. చదవండి. అందులో మీకు నచ్చని విషయం ఒకటి వెతికి, ఎందుకు నచ్చలేదో వారితో వాదించండి. మెచ్చుకోవడం కంటే అది పెద్ద గౌరవం. శీర్షిక ఒకటి, వార్త ఒకటి అయితే మొగమాటం లేకుండా ఎత్తి చూపండి. ఖర్చు భరించేవారు మీరైతే, మీరు భరించేది కాగితానికీ సిరాకూ మాత్రమే అని జ్ఞాపకం పెట్టుకోండి.

మా పత్రిక ఇప్పటికీ నాలుగు పేజీలే. నా సందేశం ఇప్పుడు నాలుగో పేజీలో కింది మూల, ఎనిమిది వరుసలు. పోయిన నెల తొమ్మిదో వరుస రాసి ఇచ్చాను. ఆ అమ్మాయి దాన్ని కొట్టేసి, "చోటు లేదు ఫాదర్‌గారూ, బస్సు టైములు వేయాలి" అంది. ఆఖరి బస్సు తిరిగి వేశారట.